క్యాట్ వెర్బల్‌కి పాత ప్రశ్నపత్రాలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్షలో వెర్బల్ అంటే ఇంగ్లిష్ సెక్షన్. దానికి డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ కంటే, నెట్‌లో ఉచితంగా దొరికే పాత ప్రశ్నపత్రాలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. కడపలో ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకి కోచింగ్‌కని హైదరాబాద్ పోయే తీరిక ఎక్కడుంటుంది? ఊళ్లోని ఏడు రోడ్ల కూడలి దగ్గర ప్రింట్లు తీయించుకున్నా, ఖర్చు అక్కడితో సరి.

2024లో ఈ సెక్షన్‌కి 24 ప్రశ్నలు, 40 నిమిషాలు. అందులో 16 ప్రశ్నలు నాలుగు ప్యాసేజీల మీదే వచ్చాయి. అసలు పరీక్ష పెట్టే ఆప్షన్లకీ, బయట తయారయ్యేవాటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఉదాహరణకి, ప్యాసేజీలో “కొన్ని నగరాల్లో రద్దీ తగ్గడానికి బస్సులు తోడ్పడ్డాయి” అని ఉందనుకోండి. “బస్సులు పెంచితే నగరాల్లో రద్దీ తగ్గుతుంది” అని ఒక ఆప్షన్ ఇస్తారు. హడావిడిలో రెండూ ఒకటే అనిపిస్తాయి. “కొన్ని” ఎగిరిపోయింది, “తోడ్పడ్డాయి” కాస్తా గ్యారంటీ అయిపోయింది. తప్పు ఆప్షన్ పక్కన అది ఎందుకు తప్పో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసుకుంటూ పోతే, ఈ మాయ పట్టుబడుతుంది. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని నేను చేసింది ఎక్కువగా ఇదే.

టెస్ట్ సిరీస్‌లో ఈ పని కుదరలేదు. వివరణ చూస్తే “ప్యాసేజీలో ఉంది కాబట్టి సి సరైనది” అని ఉండేది. ఆ మాత్రం మాకూ తెలుసు కదా! వాళ్లిచ్చిన పదాల జాబితా అయితే మరీ దండగ. ఇప్పుడు క్యాట్‌లో అర్థాలు నేరుగా అడగరు.

పాత పేపర్లలో లోటు లేకపోలేదు. కీ దొరుకుతుంది గానీ వివరణ ఉండదు, బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందే. పారా జంబుల్స్‌కి, అంటే కలగాపులగంగా ఇచ్చిన వాక్యాలని వరుసలో పెట్టే ప్రశ్నలకి అయితే ఆప్షన్లే ఉండవు, వరుస మనమే టైప్ చేయాలి. తప్పయినా మార్కు పోదు కాబట్టి ఖాళీ వదలొద్దు. వాటిని నేను చివరి ఐదు నిమిషాలకి నెట్టేసేవాణ్ణి.

ఇంకో విషయం. 2015 నుంచి 2019 వరకు ఈ సెక్షన్ 34 ప్రశ్నలు, 60 నిమిషాలు. టైమ్ పెట్టుకుని రాయడానికి ఆ పేపర్లు పనికిరావు, ప్యాసేజీలు విడిగా చదవడానికి బాగుంటాయి. 2020 నుంచి ఏడాదికి మూడు స్లాట్లు, అంటే మూడు పేపర్లు. పరీక్ష నవంబరు చివర్లో కాబట్టి, చివరి రెండేళ్ల పేపర్లు అక్టోబరు దాకా ముట్టుకోకండి.