థండర్‌బర్డా, ప్రోటాన్ మెయిలా?

తిరుపతి నుంచి చిత్తూరులో ఆడిటరైన మా మామకి పొలం కాగితాలు, పాన్ కార్డు మెయిల్లో పంపాలి. దారిలో ఎవరూ చదవకూడదు. థండర్‌బర్డ్ మన కంప్యూటర్లో పెట్టుకునే మెయిల్ ప్రోగ్రాం, ఉన్న అడ్రసుతోనే నడుస్తుంది. ప్రోటాన్ మెయిల్ ఉత్తరాలకి తాళం వేసి ఉంచే మెయిల్ సేవ, అందులో కొత్త ఖాతా తెరవాలి. ఏది మేలు?

ఖర్చు: థండర్‌బర్డ్ పూర్తిగా ఉచితం. ప్రోటాన్‌లో మామూలు ఖాతా ఉచితం, ఎక్కువ చోటు కావాలంటే డబ్బు కట్టాలి.

శ్రమ: ప్రోటాన్‌లో ఖాతా తెరిస్తే చాలు, కీలు (మెయిల్‌కి తాళం వేసే, తీసే కోడ్‌లు) అదే తయారుచేస్తుంది. థండర్‌బర్డ్‌లో 2020 నాటి 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ (మెయిల్‌కి తాళం వేసే పద్ధతి) లోపలే ఉంది, కానీ కీల జత (తాళం వేసే పబ్లిక్ కీ, తీసే ప్రైవేట్ కీ) మనమే చేసుకోవాలి. మన పబ్లిక్ కీ ఇచ్చి వాళ్లది తీసుకోవాలి. అది నిజంగా వాళ్లదేనా? నేను మామకి ఫోన్ చేసి, ఆ కీ గుర్తుగా ఉండే 40 అక్షరాల కోడ్‌ని (ఫింగర్‌ప్రింట్) నాలుగేసి చొప్పున చదివించుకున్నాను. రెండు నిమిషాల పని. దయచేసి ఎగ్గొట్టకండి, భద్రతంతా అక్కడే ఉంది.

ముప్పు: థండర్‌బర్డ్‌లో ప్రైవేట్ కీ మన కంప్యూటర్లోనే ఉంటుంది. బ్యాకప్ లేకుండా హార్డ్‌డిస్క్ పోతే తాళం వేసిన పాత మెయిళ్లు ఇక తెరుచుకోవు. ప్రోటాన్‌లో రికవరీ ఏర్పాటు లేకుండా పాస్‌వర్డ్ మర్చిపోయినా అదే గతి. పైగా అందులో సబ్జెక్టు లైనుకి ఎండ్-టు-ఎండ్ రక్షణ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని తాళం) లేదు. సర్వే నంబరు అక్కడ రాయొద్దు.

అవతలివాళ్లు "మేం జీమెయిల్ వదిలిపెట్టం" అంటే ప్రోటాన్: పాస్‌వర్డ్ పెట్టిన మెయిల్ పంపి, ఆ పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పొచ్చు. ఇద్దరూ ఉన్న అడ్రసులతోనే ఏళ్ల తరబడి రాసుకునేవాళ్లయితే థండర్‌బర్డే. మేం దాంట్లోనే ఉన్నాం.