తేజాబు డబ్బాలోని బంగారం: ప్రొద్దుటూరులో ఒక శుద్ధి కార్ఖానా

తాకట్టు దుకాణం నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను. బంగారం నాణ్యత చూడటానికి నగను గీటురాయి మీద గీసి, తేజాబు (ఆమ్లం) చుక్క వేసి, దూదితో తుడుస్తాం కదా. నిలిచిన గీత దూదికి అంటుతుంది, కరిగిన గీత ద్రవంలోకి పోతుంది. దూది, రాయి కడిగిన నీళ్లు, మిగిలిన ఆమ్లం అన్నీ మా దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బాలో చేరుతుంటాయి. గతంలో అందులోని బంగారం తీయమని వేరే ఊళ్లో ఒకచోట ఇస్తే, ఏమీ రాలేదు, పారబోశాం అన్నారు. అందుకే ఈసారి ప్రొద్దుటూరు శుద్ధి కార్ఖానాలో పక్కనే కూర్చుని చూస్తానని ముందే చెప్పాను. నడిపే పెద్దాయన ఏమీ అనుకోలేదు. “కూర్చో నాయనా, గాలి వచ్చే వైపు కూర్చో” అన్నాడు.

దూదిని మట్టి మూకుడులో కాల్చి బూడిద చేశాడు. ద్రవంలో రాగి రేకు వేశాడు. రాగి కరుగుతుంటే బంగారం నల్లటి మడ్డిగా కిందికి దిగుతుంది. ఆ పనికి ఒక రాత్రి కావాలట. జాడీని గూట్లో పెట్టి, తాళం వేసి, చెవి నా చేతికే ఇచ్చాడు. మర్నాడు మడ్డినీ బూడిదనూ కలిపి ద్రవరాజంలో (నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిపిన, బంగారాన్ని కరిగించే ద్రవం) కరిగించి వడకట్టాడు. మిగులు నత్రికామ్లాన్ని సల్ఫామిక్ ఆమ్లంతో పోగొట్టి, సోడియం మెటాబైసల్ఫైట్ వేసేసరికి బంగారం గోధుమ రంగు పొడిగా అడుగుకు చేరింది.

నేను అసలు మెచ్చుకునేది ఆ తర్వాతి పనిని. పైన తేరిన నీళ్లలో ఇక బంగారం లేదని మనకెలా తెలుస్తుంది? స్టానస్ క్లోరైడ్ చుక్క వేస్తే, బంగారం ఉంటే ఊదా రంగు తిరుగుతుంది. అయితే ఆ మందు నిలవ ఉంటే చచ్చిపోతుంది. చచ్చిన మందుతో పరీక్షిస్తే నిండు బంగారమున్న ద్రవం కూడా ఖాళీగానే కనిపిస్తుంది. మోసం చేయదలచినవాడికి ఇంతకన్నా సులువైన దారి లేదు. పెద్దాయన ముందుగా తన దగ్గరున్న బంగారు ద్రావణం మీద ఒక చుక్క వేసి, ఊదా రంగు చూపించి, ఆ తర్వాతే నా నీళ్లను పరీక్షించాడు. రంగు రాలేదు. ఆ మందును తగరంతో తానే చేసుకుంటాడు. సీసాలో ఒక తగరం ముక్క ఎప్పుడూ ఉంటుంది.

పరీక్షించిన చుక్కల్ని తిరిగి ద్రవంలో పోయలేదు. తగరం తగిలిన బంగారం మరీ సన్నమై వడపోత కాగితంలోంచి కూడా జారిపోతుందట. ఊదా మరకలున్న కాగితం ముక్కలు తర్వాత కాల్చే దూది మూకుడులోకి వెళ్లాయి. ఇంత పొదుపరిని నేను చూడలేదు.

పొడిని టంకణం (బోరాక్స్) వేసి కరిగించాక వచ్చిన బంగారు పూస ఆరు వందల మిల్లీగ్రాములకు కాస్త పైన తూగింది. బంగారంలో వాటా అడగలేదు, తరుగు తీయలేదు, కూలి మాత్రమే తీసుకున్నాడు.

నచ్చనివీ ఉన్నాయి. వడపోతలో మిగిలిన తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌ను తానే ఉంచుకున్నాడు. అడిగితే “అది మా వాటా” అన్నాడు. కొద్దిపాటి వెండే, కానీ ముందే చెప్పాల్సింది. పొగ లాగే ఫ్యాను ఒక్కటే, అదీ నీరసంగా తిరుగుతుంది. ద్రవరాజం కాగుతున్నప్పుడు గోధుమ రంగు పొగ గది అంతా కమ్మింది. పక్కన ఉన్న కుర్రాడి ముఖానికి ఒక తువ్వాలే అడ్డం. రసీదు అడిగితే చిన్న చీటీ మీద బరువు రాసిచ్చాడు, అంతే. మిగిలిన ఆమ్లంలో ఇనుప తుక్కు వేసి రాగిని దింపి, సున్నం కలిపి చప్పబరచడం మాత్రం చూశాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. డబ్బా సగం కూడా నిండనివాళ్లు వెళ్లకండి, కూలికీ బస్సుకే సరిపోతుంది. తీసుకెళ్లేటప్పుడు మూత బిగించకండి, లోపల వాయువు పుడుతూనే ఉంటుంది.