పదేళ్ళ ఇంటి కంప్యూటర్‌కు లైనక్స్ మింట్: ఆరు నెలల వాడకం తరువాత

మా ఇంటి కంప్యూటర్ 2016లో కొన్న ఒక ల్యాప్‌టాప్. బ్యాటరీ ఏనాడో పోయింది కాబట్టి అది ఎప్పుడూ ప్లగ్గుకు తగిలించి హాలులోని బల్ల మీదే ఉంటుంది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్‌తో వచ్చింది. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు శతక పద్యాలకు టీకా తాత్పర్యాలు రాసుకునేది దాని మీదే. మా అమ్మాయి బడి ప్రాజెక్టులు, నా కరెంటు బిల్లులు, బ్యాంకు పనులు, రైలు టిక్కెట్లు కూడా దాని మీదే జరుగుతాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి మారదామంటే అది ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్లనూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌నూ అడుగుతుంది. మా ల్యాప్‌టాప్‌ను చూసిన దుకాణం వాళ్ళు, దీన్ని తీసేసి కొత్తది కొనుక్కోమని ఒక్క మాటలో తేల్చేశారు. తెర బాగుంది, కీబోర్డులో ఒక్క మీట కూడా అరగలేదు, అయినా పారేయాలంటే నాకు మనసొప్పలేదు. ఆ వారమే దానిలో విండోస్ బదులు లైనక్స్ మింట్ 22.2 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఆరు నెలలుగా ఇంటిల్లిపాదీ వాడుతున్నాం కాబట్టి, ఇదే ఆలోచనలో ఉన్నవారికి మా అనుభవం వివరంగా చెప్పాలనిపించింది.

లైనక్స్ అనగానే నల్లని తెర మీద ఆదేశాలు టైపు చేయడమే గుర్తుకొచ్చేవారు ఇంకా చాలామంది ఉన్నారు. మింట్‌ను క్లెమెంట్ లెఫెవ్ర్ 2006లో మొదలుపెట్టారు. అది ఉబుంటు అనే మరో లైనక్స్ మీద, ఉబుంటు డెబియన్ అనే ఇంకో లైనక్స్ మీద ఆధారపడి తయారవుతాయి. దాని సినమన్ అనే డెస్క్‌టాప్ రూపంలో మెనూ ఎడమవైపు కింద, గడియారం కుడివైపు కింద, తెరిచిన కిటికీలన్నీ వాటి మధ్య పట్టీ మీద ఉంటాయి. మా నాన్నగారు మొదటిరోజు కూర్చొని అడిగిన ప్రశ్న ఒక్కటే: "నా ఫైళ్ళు ఎక్కడున్నాయి?" డెస్క్‌టాప్ మీద ఆయన ఫోల్డర్ చూపించాను. అంతటితో పరిచయం పూర్తయింది. మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలని, 4 జీబీ ఉంటే సౌకర్యంగా ఉంటుందని దాని తయారీదారులే చెబుతారు. బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిస్తే 4 జీబీ ఇరుకైపోతుందని నా అనుభవం కాబట్టి, ర్యామ్‌ను 8 జీబీ చేసి, పాత డిస్కు స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) బిగించాను. వేగంలో వచ్చిన మార్పులో పెద్ద వాటా ఈ ఎస్‌ఎస్‌డీదేనని ఇక్కడే చెప్పడం న్యాయం. పాత హార్డ్ డిస్క్ మీదే మింట్ వేసి అద్భుతాలు ఆశించడం సరికాదు. ర్యామ్ పెంచే వీలు లేనివారు సినమన్ బదులు ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం ఎంచుకోవడం మంచిది.

ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించి చూసుకోగలగడం ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. మింట్ మొత్తం ఇమిడి ఉండే, దాదాపు 3 జీబీ ఐఎస్‌ఓ ఫైలును మింట్ వారి సైట్ నుంచి దించుకొని, ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను బూట్ చేస్తే మింట్ అంతా ఆ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. డిస్కులో ఒక్క ఫైలు కూడా కదలదు. ఆ స్థితిలోనే శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళతో పేజీ కదులుతోందా అని నిదానంగా చూసుకోవచ్చు. మా ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేశాయి, ఒక్క వైఫై తప్ప. కొన్ని వైఫై చిప్‌లకు స్వేచ్ఛా డ్రైవర్లు (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాంలను డ్రైవర్లంటారు) ఉండవు, తయారీదారు ఇచ్చే, లోపలి కోడ్ చూపించని మూసిన డ్రైవర్‌ను విడిగా వేసుకోవాలి. దాన్ని దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే ఆ డ్రైవర్ ఉండాలి. ఈ చిక్కుముడి విప్పింది ఫోను. చార్జింగ్ తీగతో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే నెట్ వచ్చేసింది. మింట్‌ను డిస్కులో స్థిరపరచిన తరువాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ పేరు అక్కడే కనిపించింది.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక మెట్టు ఉంది. కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలనే నడవనిచ్చే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, ఇలాంటి డ్రైవర్ వేసేటప్పుడు మింట్ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు నీలిరంగు తెర ఒకటి వస్తుంది. అందులో ముందుగా కనిపించే "కంటిన్యూ బూట్" నొక్కేస్తే కంప్యూటర్ మామూలుగానే తెరుచుకుంటుంది గాని, డ్రైవర్ మాత్రం పనిచేయదు. కింది బాణంతో రెండో వరుసలోని "ఎన్‌రోల్ ఎంఓకే"కు (యజమాని తాళంచెవిని నమోదు చేయడానికి) దిగి, అవుననిచెప్పి, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి. నేను మొదటిసారి తొందరపడి మొదటి వరుసే నొక్కి, వైఫై ఎందుకు రావడం లేదో అర్థంకాక ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. కాబట్టి ఆ నీలి తెర వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి చదవండి.

డిస్కులో స్థిరపరచడం ఇరవై నిమిషాల పని. మల్టీమీడియా కోడెక్‌లు వేయమనే గడిలో టిక్కు పెట్టడం మరచిపోకూడదు, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. డిస్కు చెరపాలా, విండోస్ పక్కన ఉంచాలా అని అడిగే తెర దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు, చెరిపిన డిస్కు తిరిగి రాదు. నేను పాత డిస్కును పూర్తిగా బయటకు తీసి, ఒక చిన్న యూఎస్‌బీ పెట్టెలో వేసి అలమారలో పెట్టాను. అవసరమైనప్పుడు తగిలించి ఫైళ్ళు తీసుకుంటున్నాను. ఇంతకన్నా నిశ్చింతైన పద్ధతి నాకు తెలియదు.

ఇక తెలుగు సంగతి. మా ఇంట్లో ఈ మార్పు నిలుస్తుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ అనే పనిముట్టు ఉంది. అందులోని భాషల పట్టికలో తెలుగును ఎంచుకొని, ఐబస్ అనే ప్రోగ్రాంను, దానికి కావలసిన ఎం17ఎన్ భాగాన్ని వేసుకుంటే తెలుగులో ఒకటి కాదు, అరడజనుకు పైగా కీబోర్డు పద్ధతులు వస్తాయి: ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన, సరళ. నేను ఇన్‌స్క్రిప్ట్ వాడతాను. 1991 నాటి భారత ప్రమాణంలోనే ఈ అమరిక ఉంది కాబట్టి, విండోస్‌లో నేర్చుకున్నది ఇక్కడ తిరిగి నేర్చుకోవలసిన పని పడలేదు. "క్ష" కోసం కే, పొల్లుకు డీ, తరువాత షిఫ్ట్ పట్టి కామా నొక్కితే చాలు, వేళ్ళు పాత దారినే వెళ్ళిపోయాయి. మా నాన్నగారిది వేరే కథ. ఆయన పాతికేళ్ళ కిందట ఒక డీటీపీ కేంద్రంలో యాపిల్ కీబోర్డు నేర్చుకున్నారు. లైనక్స్‌లో ఆ అమరిక ఉండదేమోనని నేను లోలోపల భయపడ్డాను. పట్టికలో దాని పేరు కనిపించి, ఆయన "శ్రీకాళహస్తీశ్వరా" అని తడుముకోకుండా కొట్టిన క్షణం ఈ మార్పు మొత్తంలో నాకు బాగా గుర్తున్న క్షణం. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో టకారం కింద వకారం వత్తు పడకుండా పొల్లును నిలబెట్టే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. అది ఏ మీట మీద ఉందో వెతుక్కోవడానికి మాత్రం ఒక పూట పట్టింది.

ఫాంట్ల విషయంలో మనకు నిజంగా కలిమి ఉంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-తెలుగువిజయం అనే ప్యాకేజీ వేసుకుంటే మండలి, గిడుగు, సూరన్న, రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి ఫాంట్లన్నీ ఒక్కసారే వచ్చి చేరతాయి. పోతన 2000, వేమన 2000 మరొక ప్యాకేజీలో ఉన్నాయి. అన్నీ స్వేచ్ఛా లైసెన్సులతో ఇచ్చినవే. చిక్కు వచ్చేది బయటి నుంచి వచ్చే ఫైళ్ళతో. విండోస్‌లో తెలుగుకు వాడే గౌతమి, నిర్మల ఫాంట్లు మైక్రోసాఫ్ట్‌వి, మింట్‌తోపాటు రావు. ఆ ఫాంట్లలో టైపు చేసిన వర్డ్ ఫైలును మింట్‌లో దానికి బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి గాని, వాటి స్థానంలో వేరే ఫాంట్ పడి పంక్తులు జారిపోతాయి. నాన్నగారి 12 పేజీల వ్యాసం 13 పేజీలైంది ఇందుకే. ఇంగ్లీషులో టైమ్స్ న్యూ రోమన్‌కు సరిగ్గా అంతే కొలతలతో లిబరేషన్ సెరిఫ్ ఉంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. గౌతమికి అలాంటి జోడీ ఫాంట్ నాకు కనబడలేదు. ఇప్పుడు మేము తుది ప్రతిని పీడీఎఫ్‌గా పంపుతున్నాం. దిద్దవలసిన ప్రతులకు అవతలివారిని కూడా మండలి వేసుకోమని అడుగుతున్నాం. మింట్‌లోని మెనూలను తెలుగులోకి మార్చుకోవచ్చు గాని, అనువాదం కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. తెలుగు వచ్చినవారు ఎవరైనా స్వచ్ఛందంగా పూర్తిచేయగల పని అది. నేను కూడా కొన్ని మాటలతో మొదలుపెట్టాను.

పుస్తకాలకు, పత్రికలకు పేజీలు కట్టే వృత్తిలో ఉన్నవారికి మాత్రం నేను ఈ మార్పును సిఫారసు చేయలేను. తెలుగు అచ్చు రంగంలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు ప్రోగ్రాంతో, యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఒకటే అయిన అక్షర ప్రమాణం) కాని పాత ఫాంట్లతో పని నడిచే చోట్లు చాలా ఉన్నాయి. ఆ ఫాంట్లు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. స్వేచ్ఛా డీటీపీ ప్రోగ్రాం స్క్రైబస్ 1.6లో యూనికోడ్ తెలుగు వత్తులు చక్కగా కూర్చుకుంటున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని తప్పక చూడవచ్చు. అయితే ఇరవై ఏళ్ళ పాత ఫైళ్ళను దగ్గర పెట్టుకున్న ప్రెస్సు ఒక్క రోజులో దానికి మారిపోవడం కుదరదు. అలాగే అకౌంట్ల ప్రోగ్రాంలు విండోస్‌కే పరిమితమైనవారు, డిజిటల్ సంతకం టోకెన్ తగిలించి ప్రభుత్వ పోర్టల్‌లలో పనిచేసేవారు ముందుగా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, తమ పని జరుగుతుందో లేదో చూసుకున్నాకే డిస్కు జోలికి వెళ్ళాలి.

మా పాత లేజర్ ప్రింటర్ మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. దాని తయారీదారు లైనక్స్‌కు ఇచ్చిన డ్రైవర్ పాతబడిపోయింది. రెండు ఆదివారాలు ప్రయత్నించి వదిలేశాను. పీడీఎఫ్ తీసుకెళ్ళి వీధి చివరి జెరాక్సు దుకాణంలో ప్రింటు తీయించుకుంటున్నాం. నెట్‌వర్క్‌కు నేరుగా కలిసే కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవరే అక్కరలేకుండా పనిచేస్తాయి. మా బంధువుల ఇంట్లో అలాంటిది మింట్ తనంతట తానే గుర్తుపట్టి ప్రింటు తీయడం చూశాను. వెబ్‌లో సినిమాలు ఫైర్‌ఫాక్స్‌లో వస్తాయి, అయితే కొన్ని సేవలు లైనక్స్‌కు బొమ్మ స్పష్టత తగ్గించి ఇస్తాయి. మా 15 అంగుళాల తెర మీద అది పెద్ద లోటుగా అనిపించలేదు.

రోజువారీ వాడకంలో చెప్పుకోదగ్గది అప్‌డేట్ల తీరు. మూలన చిన్న డాలు గుర్తు కనిపిస్తుంది. వీలున్నప్పుడు నొక్కితే ఏమేమి మారబోతున్నాయో పట్టిక చూపించి, అనుమతి అడిగి, పని చేసుకుపోతుంది. అమ్మాయి ప్రాజెక్టు మధ్యలో యంత్రం దానంతట అది ఆగి, మళ్ళీ మొదలైన సందర్భం ఈ ఆరు నెలల్లో ఒక్కటీ లేదు. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు వ్యవస్థ స్థితిని వారానికొకసారి భద్రపరిచేలా పెట్టాను. డిసెంబరులో నేను ఒక డ్రైవర్‌తో ప్రయోగం చేసి తెర పాడుచేసుకున్నప్పుడు, పది నిమిషాల్లో వెనకటి వారానికి వెళ్ళగలిగాను. టైమ్‌షిఫ్ట్ కాపాడేది వ్యవస్థనే గాని మన ఫోటోలను, రాతలను కాదు. వాటికి వేరే బ్యాకప్ ఉండి తీరాలి.

ఇంత పనిచేసే వ్యవస్థ ఉచితంగా ఎలా వస్తుందని నాన్నగారు అడిగారు. ఇంగ్లీషులో "ఫ్రీ" అనే ఒకే మాట ఉచితం, స్వేచ్ఛ అనే రెండు అర్థాలనూ మోస్తుంది కాబట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ వంటివారు దశాబ్దాలుగా వివరిస్తూ రావలసి వచ్చింది. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రణాళిక, 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ), ఈ రెండూ కలిసి నిలబెట్టినది ఆ స్వేచ్ఛనే: నడిపే, చదివే, మార్చే, పంచే హక్కు. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకొని, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. మింట్ మాత్రం ప్రధానంగా విరాళాల మీద, ప్రాయోజకుల మీద నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కొననందుకు మిగిలిన డబ్బులో కొంత వారికి పంపాను.

బ్రౌజర్, రాతపని, పిల్లల చదువు, ఫోటోలు, ఫోన్ కన్నా పెద్ద తెర మీద వీడియో కాల్, ఇంతవరకే అవసరమైన ఇంటికి లైనక్స్ మింట్ పూర్తిగా సరిపోతుందని, తెలుగు రాసేవారికి ఏ లోటూ చేయదని నా అభిప్రాయం. ఇన్‌స్టాల్ చేసే రోజున పక్కన ఒక ఫోను, ఒక చార్జింగ్ తీగ, వేరే చోట భద్రపరచిన ఫైళ్ళు ఉండాలి. మేము వేసిన 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. నాన్నగారు ఇప్పుడు ధూర్జటి శతకంలో అరవయ్యో పద్యం దాటారు, ధూర్జటి ఫాంట్‌లోనే శీర్షికలు పెట్టుకుంటున్నారు.