కుపారుక్ నది గేజ్ పేజీ: మంచు కరిగే రోజుల్లో తప్పక చూడాల్సింది

ఆర్కిటిక్‌లో మంచు కరిగాక ఆ నీళ్లు ఏమవుతాయో తెలుసుకోవాలనుకునేవాళ్లు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ఇస్తున్న నీటి డేటా ఒకసారి తెరిచి చూడండి. నేను చెప్పేది అందులో ఒక్క పేజీ గురించే. అలాస్కా ఉత్తర కొసన, డెడ్‌హార్స్ అనే ఊరి దగ్గర కుపారుక్ నది మీద ఉన్న గేజ్, అంటే నీటి మట్టం కొలిచే కేంద్రం, నంబర్ 15896000. రికార్డు 1971 నుంచి ఉంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. ప్రవాహాన్ని సెకనుకి ఘనపుటడుగుల్లో చూపిస్తారు, అంటే ప్రకాశం బ్యారేజీ వార్తల్లో మనం వినే క్యూసెక్కులే.

జనవరి నుంచి సెప్టెంబర్ దాకా తేదీలు పెట్టి గ్రాఫ్ చూడండి. చలికాలమంతా సున్నా దగ్గరే ఉన్న గీత మే చివర్లోనో జూన్ మొదట్లోనో నిలువుగా లేస్తుంది. నెలల తరబడి పేరుకున్న మంచంతా కొద్ది రోజుల్లో కరుగుతుంది, కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే పర్మాఫ్రాస్ట్ ఉంది కాబట్టి నీళ్లు లోతుకి ఇంకే దారి లేదు, అన్నీ పైపైనే నదిలోకి వచ్చేస్తాయి.

నాకు బాగా నచ్చింది ఏళ్లను పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు. మంచు ఎంత పడితే వరద అంత వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ అంత సూటిగా ఉండదు. తీరం వైపు నేల బల్లపరుపుగా, నిండా కుంటలతో, చిత్తడిగా ఉంటుంది. కిందటి వేసవిలో ఆ కుంటలు ఎంత ఆవిరైపోయాయో అంత లోటును కరిగిన మంచునీళ్లు ముందు పూడ్చాలి, మిగిలినవే వాగుల్లోకి వెళ్తాయి. పక్కనే ఉన్న పుటులిగాయుక్ నది మీద జరిగిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు వాతావరణం వేడెక్కి నేల చీలికల్లోని పాత మంచు కరుగుతోంది, అక్కడ కాలువల్లాంటి పల్లాలు ఏర్పడి, అవి ఒకదానితో ఒకటి కలిసినచోట చిత్తడి ఎండిపోతోంది. మంచే కాదు, వాన కూడా లెక్కలోకి వస్తుంది: 2002 ఆగస్టులో కుపారుక్ ఎగువన వానల వల్ల వచ్చిన వరద అక్కడి మంచు వరదలనే మించిపోయింది. ఇలాంటి మార్పులను పట్టుకోవాలంటే యాభై ఏళ్ల రికార్డు కావాల్సిందే, అందుకే ఈ పేజీ అంటే నాకు అంత గౌరవం.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మనకి బాగా కావాల్సిన ఆ నాలుగు రోజుల్లోనే అంకెలు కాస్త బలహీనంగా ఉంటాయి. గేజ్ కొలిచేది నీటి మట్టాన్ని, ప్రవాహాన్ని దాన్నిబట్టి లెక్కగడతారు. నది అడుగున మంచుగడ్డ ఇంకా కదలక ముందే వరద దాని మీదుగా పారితే మట్టం ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆ రోజులవి చాలావరకు అంచనాలే. ప్రాజెక్టు చేసే పిల్లలు ప్రొవిజనల్ (ఇంకా సరిచూడని తాత్కాలిక అంకెలు) అని ఉన్నవి పట్టుకుని తీర్మానాలు రాసేయకండి, దయచేసి సరిచూసి అప్రూవ్డ్ అని వచ్చేదాకా ఆగండి.

కుంటల్లో నీరెంత, మంచు ఎంత మందాన ఉంది అనేవి ఈ పేజీలో దొరకవు. అవి కావాలంటే ఎగువన ఇమ్నావైట్ అనే చిన్న వాగు మీద అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీ వాళ్లు 1980ల నుంచి చేసిన కొలతలు వెతకండి, దాని పరీవాహకం 2.2 చదరపు కిలోమీటర్లే కాబట్టి మంచు, నేల, వాగు మూడూ కలిపి అర్థమవుతాయి.

రేటింగ్ అయిదుకి నాలుగు. మంచు వివరాలు కూడా పక్కనే ఉంటే అయిదూ ఇచ్చేవాణ్ణి. ప్రవాహం ఫలానా అంకె దాటితే మెయిల్ పంపే వాటర్ అలర్ట్ సదుపాయం ఉంది, మే మధ్యలోపే పెట్టుకోండి.