లీటర్లలో కొలిచే పెట్టె: చిన్న గేమింగ్ కంప్యూటర్లలో ఏది మేలు?

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో అద్దెకు ఉంటున్నాడు. వాడి వాటాకు వచ్చిన బల్ల రెండున్నర అడుగుల వెడల్పు. దాని మీద 24 అంగుళాల మానిటరు, కీబోర్డు, పుస్తకాలు పోగా మిగిలిన చోటులో ఇమిడే గేమింగ్ కంప్యూటర్ కావాలని, విడిభాగాలు కొని బిగించుకునే ఓపిక లేదు గనుక తయారుగా దొరికేదే చూడమని, సంక్రాంతికి శ్రీకాకుళం తెచ్చుకునేలా ఉండాలని నన్ను అడిగాడు. ఖర్చు లక్ష రూపాయలు దాటకూడదన్నది మా అక్క షరతు. ఈ హద్దుల్లో నాలుగు రకాల పెట్టెలను పక్కపక్కన పెట్టి చూశాను.

చిన్న కంప్యూటర్ల పరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ లెక్క వస్తుంది. మా తాతగారి ఇంట్లో ధాన్యం కుంచాలను చూసి పెరిగినవాడిని గనుక కంప్యూటర్‌ను కొలపాత్రతో కొలవడం నాకు వింతగా అనిపించలేదు. చేతిలో పట్టే మినీ పీసీ అర లీటరు నుంచి లీటరు వరకు ఉంటే, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న తరహా మదర్‌బోర్డు పట్టే మామూలు పెట్టె 20 లీటర్లకు పైబడి ఉంటుంది. తగ్గించిన ప్రతి లీటరుకూ వేడి రూపంలోనో, చప్పుడు రూపంలోనో, మరమ్మతు కష్టం రూపంలోనో మూల్యం చెల్లించాలి. ఆ మూల్యం మన జిల్లాల్లో ఎంతవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందుగా 'చాలినంత గ్రాఫిక్స్' అంటే ఏమిటో తేల్చుకోవాలి. 24 అంగుళాల మానిటర్లు ఎక్కువగా 1080పీ రిజల్యూషన్‌వే, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలవే కాబట్టి, ఆ రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేములు నిలకడగా వస్తే చాలునని మేమిద్దరం ఒప్పుకున్నాం. వాడు రోజూ ఆడేవి వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2. సెలవుల్లో మాత్రం కొత్తగా వచ్చిన పెద్ద ఆటల మీద మనసు పోతుంది. ఈ రెండో కోరికే లేకపోతే ఈ వ్యాసం రెండు పేరాలతో ముగిసేది.

ఎందుకంటే మొదటి రకమైన మినీ పీసీ, రోజువారీ ఆటలకు నిజంగానే సరిపోతుంది. రైజెన్ 7 8845హెచ్‌ఎస్ వంటి ప్రాసెసర్‌లోనే రేడియాన్ 780ఎమ్ అనే గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. వాలొరాంట్‌ను, జీటీఏ 5ను 1080పీలో ఇబ్బంది లేకుండా ఆడిస్తుంది. సైబర్‌పంక్ 2077 వంటి బరువైన ఆట పెడితే మాత్రం సెట్టింగులన్నీ కిందికి దించి, ఎఫ్‌ఎస్‌ఆర్ (బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఉపాయం) సాయం తీసుకున్నా నిలకడైన 60 ఫ్రేముల ఆశ వదులుకోవాలి. దీనికి కారణం చిప్పు బలహీనత ఒక్కటే కాదు. దానికి సొంత గ్రాఫిక్స్ మెమరీ లేదు, ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే పంచుకోవాలి. 5600 వేగపు డీడీఆర్ 5 ర్యామ్ రెండు పలకలుగా వేస్తే సెకనుకు దాదాపు 90 గిగాబైట్లు పారుతాయి, ఒకే పలక వేస్తే అందులో సగమే. విడి గ్రాఫిక్స్ కార్డు అయిన ఆర్‌టీఎక్స్ 4060కి ఈ సంఖ్య 272. చెరువు ఎంత నిండుగా ఉన్నా మదుము ఇరుకైతే చివరి మడికి నీరు అందదని వంశధార ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి మినీ పీసీ కొనేవారు 16 జీబీ ఒకే పలకగా ఇచ్చే మోడల్‌ను తీసుకోకూడదు, 8 జీబీవి రెండు ఉండాల్సిందే.

దీని అసలు బలం కరెంటు దగ్గర ఉంది. ఆట ఆడుతున్నప్పుడు కూడా మానిటరుతో కలిపి సుమారు 110 వాట్లు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోను కూడా ఈ చిన్న పెట్టెను అది పావుగంటకు పైగా నిలబెట్టగలదు. ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ ఉంటే గంటల కొద్దీ నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనరేటర్ల దగ్గర ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి వరుసలు కట్టిన రోజులు గుర్తున్నవారికి, తక్కువ కరెంటుతో నడిచే యంత్రం మీద ఎంత చెప్పినా తరగని గౌరవం ఉంటుంది.

అయినా దానిని మేం వదులుకోవడానికి ఒక అనుభవం కారణమైంది. నరసన్నపేటలోని మా బంధువు ఆన్‌లైన్‌లో కొన్న మినీ పీసీ ఎనిమిదో నెలలో ఆగిపోయింది. ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉండటం వల్ల బోర్డు పోతే యంత్రమంతా పోయినట్టే అయింది. వారంటీ ఉంది గానీ, పెట్టెను కొరియర్‌లో వేరే రాష్ట్రానికి పంపి, తిరిగి వచ్చేదాకా ఏడు వారాలు ఎదురు చూడాల్సి వచ్చింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడు మూత తీసి చూసి, చేయి పెట్టడానికి ఇందులో ఏమీ లేదని నిజాయితీగా చెప్పి పంపాడు.

రెండో రకం, అంతే చిన్న పెట్టెలో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పును పెట్టి అమ్మేది. ఇంటెల్ 2023లో వదిలేసిన నక్ అనే చిన్న కంప్యూటర్ల శ్రేణిని ఆసుస్ అందుకుని, 2024లో ఆర్‌ఓజీ నక్ పేరుతో రెండున్నర లీటర్ల గేమింగ్ పెట్టెను తెచ్చింది. చూడముచ్చటైన వస్తువే. అయితే ధర మా హద్దును దాటిపోతుంది. పైగా ఈ తరహా పెట్టెల మీద రాసిన అంకెలను జాగ్రత్తగా చదవాలి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి 12 జీబీ మెమరీ, 200 వాట్ల శక్తి ఉంటే, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్పుకు 8 జీబీయే ఉంటుంది, ఎన్ని వాట్లు ఇవ్వాలో తయారీదారు ఇష్టం. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ములు కానట్టే ఇదీ. ఇంత ఖర్చు పెట్టి చివరికి ల్యాప్‌టాప్ చిప్పే కొనేటట్లయితే, తెర, కీబోర్డు, బ్యాటరీ కలిసి వచ్చే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కోవడమే న్యాయం. మా వాడికి కాలేజీ ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఆ దారి వెంట మేం వెళ్లలేదు.

మూడో రకం మీద నాకు మొదట్లో మోజు ఎక్కువ. ఆఫీసుల నుంచి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ వంటి సన్నని పెట్టెలను శుభ్రం చేసి తక్కువ ధరకు అమ్ముతారు. ఎనిమిది లీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ పెట్టెలో పొట్టి సైజు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డును బిగించి కొన్ని దుకాణాలు 'గేమింగ్ సిస్టమ్' అని ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ కార్డు 70 వాట్లతోనే నడుస్తుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచే 75 వాట్ల దాకా వస్తాయి కాబట్టి వేరే పవర్ కేబుల్ అవసరం ఉండదు. ఆఫీసు పెట్టెల్లోని చిన్న పవర్ సప్లైకి అదొక్కటే అనుకూలించే మార్గం. 780ఎమ్ కంటే ఇది స్పష్టంగా మెరుగు, ఖర్చు కూడా లక్షలో సగం లోపే తేలుతుంది.

ఇక్కడ చూసుకోవలసిన మెలికలు రెండున్నాయి. ఏడో తరం, అంతకు ముందు తరం ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాలొరాంట్ అయితే విండోస్ 11 మీద టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఎనిమిదో తరానికి తక్కువైనదాన్ని ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకూడదు. రెండోది, ఇక్కడితో దారి ఆగిపోతుంది. రెండేళ్ల తర్వాత ఇంకా మంచి కార్డు వేద్దామంటే పెట్టె ఎత్తు చాలదు, కరెంటూ చాలదు. ఆఫీసు శ్రేణుల్లో అరచేతి మందాన ఉండే మరీ చిన్న మోడళ్లలో మామూలు కార్డు పెట్టే స్లాటే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చేతిలో 40 వేలే ఉన్నవారికి ఈ రకాన్ని మనస్ఫూర్తిగా సూచిస్తాను. లక్ష ఉన్నవారికి కాదు.

మిగిలింది నాలుగో రకం, పూర్తి స్థాయి డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు పట్టే చిన్న టవర్. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 గానీ, 2025 మే నెలలో వచ్చిన 5060 గానీ 1080పీకి ధారాళంగా సరిపోతాయి. మొదటిది 115 వాట్లు, రెండోది 145 వాట్లు తీసుకుంటుంది. రెండింటికీ 8 జీబీ మెమరీయే. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు కనీస అవసరంగానే 8 జీబీ అడిగారు. అంటే ఈ అంకె ఇప్పటికే అంచున ఉంది, 16 జీబీ ఉన్న రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటిది హద్దులో దొరికితే వెంటనే దానివైపు మొగ్గడం మంచిది.

ఈ రకంలో మళ్లీ రెండు దారులు. పెద్ద బ్రాండ్లు మూసి అమ్మే టవర్ ఒకటి, విశాఖలో ద్వారకానగర్ వంటి చోట్ల దుకాణాలవారు తామే బిగించి, పరీక్షించి, తయారుగా ఇచ్చే పెట్టె మరొకటి. బ్రాండ్ టవర్‌కు ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉంటుంది, అది చిన్న విషయం కాదు. అయితే ఆ సేవ హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన మనకూ ఉందనుకోకూడదు. 532001కో, 535002కో మనిషి వస్తాడా లేదా అని పిన్‌కోడ్ చెప్పి ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇలాంటి టవర్లలో చాలావాటికి మదర్‌బోర్డు, పవర్ సప్లై తయారీదారు సొంత కొలతలతో ఉంటాయి. వారంటీ తీరాక పవర్ సప్లై కాలితే బజారులో దొరికే మామూలుది అందులో పట్టదు. మన వైపు కరెంటు వచ్చిపోయే తీరులో మొదట దెబ్బ తినేది పవర్ సప్లైయే కాబట్టి, నా తూకంలో ఈ లోపానికి ఎక్కువ బరువు పడింది.

దుకాణం బిగించిన పెట్టెలో అంతా మామూలు కొలతల సామాను. 24.4 సెంటీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 550 వాట్ల పవర్ సప్లై, ఏది పోయినా విజయనగరంలోనే కొని ఒక పూటలో మార్చుకోవచ్చు. వారంటీలు మాత్రం ఒక్కో భాగానికి ఒక్కోలా ఉంటాయి గనుక, బిల్లులో ప్రతి భాగం పేరూ, సీరియల్ నంబరూ విడివిడిగా రాయించుకోవాలి. 'గేమింగ్ పీసీ, ఒకటి' అని ఒకే వరుసలో రాసిన బిల్లు వారంటీ అడిగే రోజున అక్కరకు రాదు. 2025 చివరి నెలల నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, దాంతో కార్డు గొప్పగా చూపించి ర్యామ్ దగ్గర కోత పెట్టే ధోరణి కనిపిస్తోంది. పవర్ సప్లై పేరు చెప్పకుండా '500 వాట్' అని మాత్రమే అనే దుకాణం నుంచి బయటికి వచ్చేయడం మేలు.

కరెంటు విషయంలో ఈ పెట్టె మినీ పీసీ ముందు తలవంచాల్సిందే. ఆటలో మానిటరుతో కలిపి 280 వాట్ల దాకా లాగుతుంది. పైన చెప్పిన చిన్న యూపీఎస్ దీన్ని ఐదారు నిమిషాలే నిలబెడుతుంది, ఆట ఆపి సక్రమంగా మూసేయడానికి ఆ సమయం చాలు. శ్రీకాకుళం ఇంట్లో ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌ది (గోడ కరెంటు లాంటి నునుపైన అలను ఇచ్చేది) అయి ఉండాలి, దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే వేసి ఉంచాలి. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునే లోపు కంప్యూటర్ పవర్ సప్లై తన నిల్వతో సుమారు 16 మిల్లీసెకన్ల పాటు ఓర్చుకునేలా తయారవుతుంది. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యం చేస్తే యంత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలామంది దీన్ని కంప్యూటర్ దోషమనుకుంటారు.

వేడి దగ్గర మాత్రం పెద్ద పెట్టెదే పైచేయి. మే నెలలో ఏసీ లేని గదిలో గాలే 38 డిగ్రీలు ఉంటే, దానికంటే చల్లగా ఏ ఫ్యానూ చేయలేదు. లీటరు పెట్టెలోని చిన్న ఫ్యాను ఆ వేడిని తోయడానికి కీచుమంటూ తిరుగుతుంది, పక్క మంచం మీద నిద్రపోయేవాడికి అది శిక్ష. టవర్‌లోని 12 సెంటీమీటర్ల ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతూనే అంతకంటే ఎక్కువ గాలిని కదుపుతాయి. ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్న పెట్టెనే ఎంచుకోవాలి. జాలీ వెనుక దుమ్ము వలను నెలకోసారి దులపాలి. కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రపు అంచు ఊళ్లలో ఉప్పు గాలికి స్క్రూలే తుప్పు పడతాయి గనుక అక్కడ మూత తీసి తుడవడం తేలికైన యంత్రమే నాలుగు కాలాలు నిలుస్తుంది.

ఇక బల్ల సంగతి. 20 లీటర్ల పెట్టె దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. బల్ల పక్కన అడుగు ఎత్తు పీట మీద పెడితే బల్ల మీద చోటే అడగదు, నేల దుమ్మూ తగలదు. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం కోసం రెండున్నర లీటర్ల పెట్టెకు అంత ధర పోయడం నాకు సబబుగా తోచలేదు. ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ పలకలు రెండు, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 5060తో దుకాణం బిగించిన పెట్టె యూపీఎస్‌తో సహా మా లక్షలో ఇమిడింది. 16 జీబీ కార్డుకు మాత్రం డబ్బు చాలలేదు.

డబ్బు కట్టేముందు దుకాణంలోనే అరగంట పాటు బరువైన ఆటను నడిపించి, కార్డు ఉష్ణోగ్రతనూ ఫ్యాన్ల చప్పుడునూ గమనించాం. ర్యామ్ పలకలు రెండూ కలిసి రెండు చానళ్లలో నడుస్తున్నాయో లేదో తెర మీద చూపించమన్నాం. తర్వాత గ్రాఫిక్స్ కార్డును విప్పించి దాని సొంత అట్టపెట్టెలో పెట్టించాం. బస్సు కుదుపులకు ఆ బరువు స్లాటు మీద వేలాడకూడదు. విజయనగరం బస్సులో కంప్యూటర్ పెట్టెను కాళ్ల దగ్గర నిలబెట్టి, కార్డు పెట్టెను మా వాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.