మెదడు నమూనా: అన్నీ బాగున్నాయి, మజ్జాముఖం తప్ప

బరంపురంలో కొన్న ఈ ప్లాస్టిక్ మెదడు మీద నాకున్న కోపమంతా ఒక్క ముక్క మీదే. మిగతా భాగాలు విడదీసినా, అమర్చినా పట్టు వదలవు. పాన్స్, దాని కింద వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం (మెడుల్లా) కలిసి ఉండే మెదడు కాండాన్ని మాత్రం ఒక చిన్న అయస్కాంతానికి అప్పగించి తయారీదారు చేతులు దులుపుకున్నాడు. శ్వాసను, గుండె వేగాన్ని చూసుకునే భాగానికా ఈ మర్యాద! ఎన్ని ముక్కలు, ఎంత ఎత్తు అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని మా గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు పర్లాకిమిడిలో మా ఇంటి పెంకులు లేచిపోయి ట్యూషన్ గది తడిసి ముద్దయింది. నమూనా రంగు చెదరలేదు, అది మెచ్చుకోవలసిందే. అయస్కాంతం మాత్రం తుప్పుపట్టింది. అప్పటి నుంచి పాఠం మధ్యలో మజ్జాముఖం ఊడి నేల మీద పడుతూనే ఉంది. విడిముక్క దొరకదట, కావాలంటే మొత్తం సెట్టు కొనుక్కోవాలట.

ఒకసారి అలా పడగానే తొమ్మిదో తరగతి కుర్రాడు, "మాస్టారూ, నిజంగా ఇది పోతే మనిషి బతుకుతాడా?" అన్నాడు. సొంతంగా ఊపిరి తీసుకోలేడని చెప్పాను. పైనున్న మస్తిష్కం, అంటే మెదడులోని పెద్ద భాగం, సంగతి వేరు. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే పనివాడి తలలోంచి ఇనుపకడ్డీ దూసుకుపోయి ఎడమ ముందు భాగం దెబ్బతిన్నా, 1860 దాకా బతికాడు.

వెంటనే ఇంకో అమ్మాయి, "మా మామ్మకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాటా పోయింది. దెబ్బ ఎక్కడ తగిలినట్టు?" అని అడిగింది. జవాబు నా చేతిలో ఊడిన ముక్కలోనే ఉంది. కండరాలను కదిలించమని మస్తిష్కం నుంచి దిగే నాడీ తంతువుల్లో ఎక్కువ భాగం మజ్జాముఖం అడుగున ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటుతాయి. అందుకే కుడి పక్క పడిపోతే సాధారణంగా ఎడమ మెదడును అనుమానించాలి. మాటను నడిపే చోటు కూడా చాలామందికి ఎడమ వైపే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, 'టాన్' అని తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరిశీలించి, ఎడమ లలాట లంబికలో, అంటే నుదుటి వెనకున్న విభాగంలో, దెబ్బను చూపించాడు. ఇదంతా వినగానే ఆ అమ్మాయి నమూనాలో ఎడమ సగం తీసి సరిగ్గా అక్కడ వేలు పెట్టింది. తంతువులు దాటే చోటు మాత్రం నమూనా మీద లేనే లేదు. నేనే మార్కర్‌తో గీశాను. పిల్లల చెమట చేతులకు చెరిగిపోతుంది, మళ్లీ గీస్తాను.

కొన్న కొత్తలో లంబికలకు వేసిన రంగులను ఊరంతా పొగిడాను. గుర్తుంచుకోవడానికి ఇప్పటికీ పనికొస్తాయి. కాకపోతే రంగు మారిన చోట గోడ ఉందని పిల్లలు అనుకుంటున్నారు. అసలు పైపొర ముడతలు పడిన ఒకే బూడిదరంగు పొర అని ప్రతి ఏడూ చెప్పాల్సి వస్తోంది. వెనక అడుగునుండే అనుమస్తిష్కాన్నయితే (చిన్న మెదడు) లోపల ఏమీ చూపకుండా ముద్దలా పోసి వదిలేశారు. మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో ఐదింట నాలుగు వంతులు అక్కడే ఉంటాయి మరి!

ట్యూషన్ గదికి, చుట్టూ పదిమంది పిల్లలుంటే, ఈ ధరకు ఇది చాలు, ఇల్లు కురవకపోతే. రాయగడలో నర్సింగ్ చదువుతున్న మా తమ్ముడి కూతురికి మాత్రం థాలమస్, హిప్పోకాంపస్ లాంటి లోపలి భాగాలు విడిగా వచ్చే ఖరీదైనదే చూసుకోమన్నాను.