50 పౌండ్ల జరిమానా, 100 పౌండ్ల పందెం: ఏది ఎక్కువ ముంచింది?

2024 జులై బ్రిటన్ ఎన్నికల్లో అప్పటి ప్రధాని రిషి సునాక్ కన్జర్వేటివ్ పార్టీ 121 సీట్లకు పడిపోయినప్పటి నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. పార్టీగేట్ (కోవిడ్ లాక్‌డౌన్‌లో ప్రధాని కార్యాలయంలో జరిగిన విందుల గొడవ) వల్ల ఓడారా, ఎన్నికల తేదీ మీద బెట్టింగ్ వల్ల ఓడారా అని కొందరు అడుగుతారు. ఇంత చిన్న మొత్తాలకే అంత గోలేంటని ఇంకొందరు. రెండో ప్రశ్నలో తప్పేం లేదు. వేల కోట్లు లేనిదే కుంభకోణం అనడానికి మనకు నోరు రాదు. అక్కడ ప్రధానిగా ఉండగా బోరిస్ జాన్సన్ కట్టిన జరిమానా 50 పౌండ్లు, సునాక్ పార్టీ ఎంపీ క్రెయిగ్ విలియమ్స్ కాసిన పందెం 100 పౌండ్లు. రెండూ కలిపినా లండన్‌లో నలుగురు మంచి హోటల్లో భోంచేస్తే చిల్లర మిగలదు.

అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది కాబట్టి ఇది ఊరికే కాలక్షేపానికి అడిగే ప్రశ్న కూడా కాదు.

ముందు పందెం సంగతి. 2024 మే 22న సునాక్ ప్రధాని కార్యాలయం ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌లో వానలో తడుస్తూ జులై 4న ఎన్నికలని ప్రకటించారు. అందరూ శరదృతువులో వస్తాయనుకుంటున్న ఎన్నికలవి. దానికి మూడు రోజుల ముందు, జులైలోనే ఎన్నికలు వస్తాయని ఆయన పార్లమెంటరీ సహాయకుడు విలియమ్స్ ఒకటికి ఐదు రెట్లు వచ్చేలా 100 పౌండ్లు కాశారు. జూన్ 12న గార్డియన్ ఆ సంగతి బయటపెట్టింది. తర్వాత ఒక్కో పేరూ బయటికొచ్చింది: ఒక అభ్యర్థి, పార్టీ ప్రచార విభాగం డైరెక్టర్, డేటా చూసే అధికారి, కొందరు పోలీసులు. పందెం కాయడం పొరపాటేనని విలియమ్స్ ఒప్పుకున్నారు. లోపలి సమాచారంతో కాశారా లేదా అన్నది కోర్టు పని. 2025 ఏప్రిల్‌లో పందేలను నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ మొత్తం 15 మంది మీద అభియోగాలు మోపింది.

దీనిలో గుణం ఏమిటంటే ఎవరికీ వివరించక్కర్లేదు. పన్నుల గొడవైతే చార్టర్డ్ అకౌంటెంట్ వచ్చి చెప్పాలి. ఇది అలా కాదు. సంక్రాంతి బరిలో కూడా ఏ పుంజు కాలికి ఏం కట్టారో ముందే తెలిసినవాడు పందెం కాస్తే మర్యాదగా బయటికి పంపించరు. సునాక్‌కు నష్టం ఇంకోచోట జరిగింది. చాలా కోపంగా ఉందని జూన్ 20న టీవీలో అన్నారు గానీ, పందెం కాసిన ఇద్దరు అభ్యర్థులకు, అంటే విలియమ్స్‌కూ ఇంకొకరికీ, పార్టీ మద్దతు తీసేయడానికి 25వ తేదీ దాకా ఆగారు. వార్త వచ్చి అప్పటికి 13 రోజులు. బ్యాలెట్ మీద వాళ్ల పేర్ల పక్కన పార్టీ పేరు అలాగే ఉండిపోయింది. విలియమ్స్ తన నియోజకవర్గంలో మూడో స్థానానికి పోయారు.

కానీ లెక్క చూడండి. ఎన్నికలు ప్రకటించేనాటికే సర్వేల్లో ప్రతిపక్ష లేబర్ పార్టీ దాదాపు 20 పాయింట్లు ముందుంది. పందెం వార్త వచ్చేసరికి ఓడ చాలావరకు మునిగే ఉంది. మరి ఆ చిల్లు ఎప్పుడు పడింది?

2021 నవంబర్ 30న డైలీ మిర్రర్ రాసిన వార్తతో పడిందని నా లెక్క. కోవిడ్ లాక్‌డౌన్‌లో డౌనింగ్ స్ట్రీట్‌లో పార్టీలు జరిగాయని ఆ వార్త. అప్పటిదాకా కన్జర్వేటివ్, లేబర్ రెండూ సర్వేల్లో అటూ ఇటూ సమానంగా ఉండేవి. డిసెంబర్‌లో లేబర్ ముందుకు వెళ్లింది, ఎన్నికల దాకా ఆ ఆధిక్యం పోలేదు. ఆ వార్త వచ్చిన 16 రోజులకే, డిసెంబర్ 16న నార్త్ ష్రాప్‌షైర్ ఉప ఎన్నికలో కన్జర్వేటివ్‌లకు దాదాపు 23 వేల మెజారిటీ ఉన్న సీటు లిబరల్ డెమోక్రాట్ల చేతిలోకి పోయింది. మరుసటి జూన్‌లో టివర్టన్‌లో 24 వేల పైచిలుకు మెజారిటీ అదే దారి పట్టింది. (టివర్టన్‌లో ఉప ఎన్నిక ఎందుకొచ్చిందంటే, అక్కడి ఎంపీ సభలో కూర్చుని ఫోన్లో బూతు వీడియోలు చూశారు. మొదట ట్రాక్టర్ల వెబ్‌సైట్ కోసం వెతికానని చెప్పుకొచ్చారు. రైతుబిడ్డ కదా.)

పోలీసులు చివరికి 83 మందికి 126 జరిమానాలు వేశారు. జాన్సన్‌కూ, అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న సునాక్‌కూ తలా ఒకటి. 2020 జూన్ 19న క్యాబినెట్ గదిలో జరిగిన జాన్సన్ పుట్టినరోజు కలయికకు వేసిన జరిమానాలవి. పుట్టినరోజు నాడు పది నిమిషాలు నిలబడితే నేరమా అని ఆయన అభిమానులు వాదించారు. విడిగా చూస్తే వాదన బాగానే ఉంది. అయితే ఆ నియమాలు రాసింది ఆయన ప్రభుత్వమే, సాయంత్రం టీవీలో నిలబడి ఇళ్లలోనే ఉండండని చెప్పిందీ ఆయనే. శ్రీరంగ నీతులు అనే మాట ఇంగ్లిష్‌వాళ్లకు తెలియదు గానీ, అర్థం మాత్రం ఆ డిసెంబర్‌లో ప్రతి ఇంట్లోనూ తెలిసింది.

నా దృష్టిలో తేల్చే అంశం ఒక్కటే. ఆ వార్త చదివిన మనిషికి "ఆ రోజు నేనెక్కడున్నాను?" అనే ప్రశ్న పుట్టిందా లేదా? పందెం వార్త చదివినవాడికి ఆ ప్రశ్న పుట్టదు. కోపం వస్తుంది, నవ్వొస్తుంది, పేజీ తిప్పేస్తాడు. ఆ 100 పౌండ్లు అతని జేబులోంచి పోయినవి కావు. పార్టీగేట్ వార్త చదివినవాళ్లు మాత్రం పాత క్యాలెండర్లు తీశారు. ఆ తేదీన మా అమ్మ ఆసుపత్రిలో ఒంటరిగా ఉంది, ఆ శుక్రవారమే మా నాన్న అంత్యక్రియలకు 30 మందికి మించి రాకూడదన్నారు అని చెప్పుకున్నారు. అక్కడున్న మనవాళ్లలోనూ విమానాలు లేక తల్లిదండ్రుల చివరి చూపు వీడియో కాల్‌లో చూసినవాళ్లున్నారు. ఆ ఇంటికి వెళ్లి 50 పౌండ్లు చిన్న మొత్తం అని చెప్పగలరా?

అందుకే 2021 ఏప్రిల్ 17 ఫొటో అంత పని చేసింది. భర్త అంత్యక్రియల్లో నల్ల మాస్కుతో రాణి ఎలిజబెత్ ఒక్కతే బల్ల చివర కూర్చుని ఉంటుంది. ముందు రోజు రాత్రే డౌనింగ్ స్ట్రీట్‌లో రెండు వీడ్కోలు పార్టీలు జరిగాయి. ఆ రాత్రి జాన్సన్ అక్కడ లేరు, అది ఆయనకు అనుకూలమైన వాస్తవమే. ఎవరూ పట్టించుకోలేదు. 2022 జనవరిలో ప్రభుత్వం రాజభవనానికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

జనం ఏదో రకంగా క్షమించేవారేమో, మొదటి రోజే ఒప్పుకుని ఉంటే. నియమాలన్నీ పాటించామని జాన్సన్ పార్లమెంటులో చెప్పడంతో చిన్న తప్పు మీద పెద్ద తప్పు కూర్చుంది. ఆయన సభను తెలిసే తప్పుదోవ పట్టించారని 2023 జూన్‌లో ఎంపీల ప్రివిలేజెస్ కమిటీ తేల్చింది. సభ 354-7 ఓట్లతో ఆ నివేదికను ఆమోదించింది. అప్పటికే ఆయన ఎంపీ పదవికి రాజీనామా చేసి వెళ్లిపోయారు.

పందెం కూడా తక్కువదేం కాదనేవాళ్ల దగ్గర ఒక బలమైన సాక్షి ఉన్నారు. అప్పటి కన్జర్వేటివ్ మంత్రి మైకేల్ గోవ్ స్వయంగా దాన్ని పార్టీగేట్‌తో పోల్చారు. వాళ్లకో రూలు, మాకో రూలు అన్న భావన మళ్లీ లేస్తుందన్నారు. నిజమే, కానీ ఆ మాటలోనే నా జవాబు కూడా ఉంది. పందెం పాత పుండు మీద పడ్డ కారం. పుండు లేకపోతే అంత మండేది కాదు.

బీర్‌గేట్ ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 2021 ఏప్రిల్ 30న డర్హమ్‌లో ప్రచారం మధ్యలో అప్పటి ప్రతిపక్ష లేబర్ నాయకుడు కీర్ స్టార్మర్ చేతిలో బీరు సీసా, బల్ల మీద కూర. మీరూ అంతే కదా అని పత్రికలు వెంటపడ్డాయి. జరిమానా పడితే రాజీనామా చేస్తానని ఆయన ముందే ప్రకటించేశారు, పోలీసులు 2022 జులైలో తప్పు లేదన్నారు. తన మెడకు తనే తాడు కట్టుకుని నిలబడ్డ మనిషిని కపటి అనడం కష్టం. నాకు స్టార్మర్ మీద పెద్ద మోజేం లేదు, కానీ ఆ ఎత్తు బాగా వేశారు.

1997 సంగతేంటని పాత తరంవాళ్లు అడుగుతారు. అప్పుడు ఆర్థిక పరిస్థితి బాగానే ఉన్నా కన్జర్వేటివ్‌లు 165 సీట్లకు పడిపోయారు. 1993లో అప్పటి ప్రధాని జాన్ మేజర్ మళ్లీ పాత విలువల మూలాలకు వెళదామన్న నినాదం ఇచ్చి, విలేకరుల చేతికి కొలబద్ద అందించారు. ఆ తర్వాత మంత్రుల పడకగదుల వార్తలన్నీ దాంతోనే కొలిచారు. ఆయనకే 1984 నుంచి 1988 వరకు ఒక సహచర ఎంపీతో సంబంధం ఉందని 2002లో ఆమె డైరీల్లో బయటపడింది. గురివింద గింజ సామెతకు ఇంతకంటే బొమ్మ అక్కర్లేదు. పార్లమెంటులో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న కన్జర్వేటివ్ ఎంపీ నీల్ హామిల్టన్‌ను టాటన్ నియోజకవర్గంలో ఓడించింది తెల్ల సూటు వేసుకునే మాజీ బీబీసీ విలేకరి మార్టిన్ బెల్. మెజారిటీ 11,077. డబ్బు మచ్చ కూడా సీటు కూలుస్తుందనడానికి ఇదే రుజువంటారు. ఒప్పుకుంటాను, కానీ అక్కడ లేబర్, లిబరల్ డెమోక్రాట్లు అభ్యర్థులను నిలపకుండా దారిచ్చారని మరిచిపోకండి.

మిగతావి క్లుప్తంగా. 2009 ఎంపీల ఖర్చుల గొడవలో ఒక ఎంపీ తన ఖర్చుల పద్దులో చూపిన 1,645 పౌండ్ల బాతుల ఇల్లు జనానికి ఇప్పటికీ గుర్తుంది, కానీ అన్ని పార్టీలూ మునిగాయి కాబట్టి ఎవరికీ లాభం రాలేదు. 2024 జూన్ 6న సునాక్ రెండో ప్రపంచ యుద్ధ నార్మండీ సంస్మరణ నుంచి టీవీ ఇంటర్వ్యూ కోసం ముందే వచ్చేయడం కుంభకోణం కాదు, తెలివితక్కువతనం. పందెం కంటే అది కాస్త ఎక్కువే నష్టం చేసిందని నా అనుమానం. సునాక్‌కు ముందు ప్రధానిగా ఉన్న లిజ్ ట్రస్ బడ్జెట్ తర్వాత ఇంటి లోన్ల వడ్డీలు పెరగడం వీటన్నిటికంటే పెద్దది, కానీ మీరడిగింది ఓటమి కారణాల్లో మచ్చల గురించి.

లేబర్ వాళ్లు మాత్రం శుభ్రమా అన్నది తరచూ వచ్చే తర్వాతి ప్రశ్న. ఎన్నికలకు ముందు లేబర్ ఉపనాయకురాలిగా ఉన్న ఏంజెలా రేనర్ పాత కౌన్సిల్ (ప్రభుత్వ) ఇంటి అమ్మకం మీద పోలీసులు విచారణ జరిపి, 2024 మే 28న చర్య అవసరం లేదన్నారు. అప్పుడు కన్జర్వేటివ్‌ల బాణం గురి తప్పింది. తర్వాత హోవ్ పట్టణంలో కొన్న ఫ్లాట్‌కు 40,000 పౌండ్ల స్టాంప్ డ్యూటీ తక్కువ కట్టిన వ్యవహారంలో ఆమె 2025 సెప్టెంబర్ 5న మంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పుడు ఆమె చేతిలో ఉన్న శాఖ గృహనిర్మాణం.